స్టీరింగ్ వంకర కాదు, కింద లెక్క వంకర

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల సంరక్షణ గురించి వేస్తున్న చిట్కాలు ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. కిందటి వారం వచ్చిన చిట్కా మాత్రం చదివి ఊరుకోలేకపోయాను. కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ ఒక పక్కకు వాలి ఉంటే, దాన్ని ఊడదీసి, అది కూర్చునే కడ్డీ మీది పళ్ళలో ఒకటి రెండు జరిపి మళ్ళీ బిగించమన్నారు. పావుగంట పని అని కూడా రాశారు. ఆ పావుగంట పని చేయించుకుని నేను ఏడాదికి పైగా అవస్థ పడ్డాను.

నాది 1967 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 30 ఏళ్ళు లేతు మీద పనిచేసి విశ్రాంతి తీసుకున్నాక నాకు దొరికిన కాలక్షేపం అదే. కొన్న రోజు నుంచీ దాని స్టీరింగ్ ఎడమకు వాలే ఉండేది. గడియారంలో 9 మీద ఉండాల్సిన స్టీరింగ్ అడ్డ కమ్మీ 8 దగ్గర ఉండేది. ఒక మెకానిక్ మీరు చెప్పినట్టే ఊడదీసి జరిపి బిగించాడు. కమ్మీలు అడ్డంగా కుదిరాయి, ఇండికేటర్లు కూడా మలుపు అయ్యాక సరిగ్గా ఆరుతున్నాయి. ఇక నాకేం కావాలి అనుకున్నాను.

కానీ తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్‌ను రెండు వేళ్ళ మేర అటూ ఇటూ ఆడించినా చక్రాలు పలకడం లేదు. అది అంతకుముందూ ఉందేమో, వంకర మీద ఉన్న చిరాకులో నేను గమనించలేదేమో. స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు అందించే పెట్టె) అరిగిందని ఇంకొకరు తేల్చి, దాని మూత మీద ఉన్న సర్దుబాటు మరను బిగించారు. వదులు పోయింది. దాని బదులు కొత్త జబ్బు వచ్చింది. మలుపు తిరిగాక దానంతట అది వెనక్కి రావాల్సిన స్టీరింగ్ మధ్యలో ఒకచోట పట్టేసేది. చేత్తో లాగి తెచ్చుకోవాలి. వాన పడుతున్న రోడ్డు మీద అలా ఒకసారి పట్టేస్తే కారు ఎటు పోతుందో నేను చూశాను కాబట్టి ఈ ఉత్తరం.

లేతు మీద డయలును ఎక్కడ కావాలంటే అక్కడ సున్నాకు తిప్పి పెట్టుకోవచ్చు. లోపలి మరలో ఉన్న వదులు దానివల్ల పోదు. స్టీరింగ్ కూడా డయలు లాంటిదే. బీటిల్ బాక్సులో ఒక వర్ము (మరచుట్టు గాడి ఉన్న కడ్డీ), దాని మీద దొర్లే ఒక రోలరు ఉంటాయి. ఆ రెండూ సరిగ్గా నడిమిలో బిగువుగా, పక్కలకు పోయేకొద్దీ వదులుగా పట్టుకునేలా చేస్తారు, ఎందుకంటే కారు ఎక్కువ దూరం తిన్నగానే పోతుంది. నా కారులో చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు నడిమికి 30 డిగ్రీలు పక్కన ఉంది. పైన కమ్మీలు సర్దినంత మాత్రాన కింద అది అక్కడే ఉంటుంది కదా. ఆ వదులు చోట మరను బిగిస్తే, అసలు నడిమికి వచ్చేసరికి పట్టేయక ఏం చేస్తుంది?

చివరికి నేనే దిగాను. ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, రెండు టై రాడ్లనూ (చక్రాలను తిప్పే కడ్డీలు) డ్రాప్ ఆర్మ్ (వాటిని కదిలించే బాక్సు చేయి) నుంచి విడదీశాను. మరను వదులు చేసి, స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి మెల్లగా తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాను (చివర్లో గుద్దకూడదు, లోపల దెబ్బ తగులుతుంది). అందులో సగం దగ్గర ఆపి, రిమ్ము నెత్తిన తెల్ల టేపు అంటించాను. ఆ టేపును పైకి పెడితే కమ్మీలు కుడికి వాలి ఉన్నాయి. అంటే మొదట్లో స్టీరింగ్ బిగించినవాళ్ళ తప్పేమీ లేదు, మేమే పాడుచేశాం. దాన్ని పాత పళ్ళలోకే మార్చాను.

అసలు దొంగ టై రాడ్ల దగ్గర దొరికాడు. బీటిల్‌లో బాక్సు డ్రైవరు వైపు ఉంటుంది కాబట్టి ఆ పక్క రాడ్డు పొట్టి, అవతలిది పొడుగు. పొడుగు రాడ్డు లాక్ నట్టు నిండా రెంచి గాట్లు, ఆ రాడ్డు మీది మరచుట్లు కొంత కొత్తగా మెరుస్తున్నాయి. పొట్టి దాని నట్టు తుప్పుతో గడ్డకట్టి ఉంది, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా సర్దే పని) చేసిన ప్రతివాడూ చేతికి అందిన రాడ్డును ఒక్కదాన్నే తిప్పి వదిలేశాడన్నమాట. ముందు చక్రాల మధ్య ఎడం సరిపోతుంది, ఆ తేడా అంతా స్టీరింగ్ మీదికి ఎక్కుతుంది. ఈ కారులో చక్రం 1 డిగ్రీ మళ్ళాలంటే స్టీరింగ్ సుమారు 14 డిగ్రీలు తిరగాలి. కింద 2 డిగ్రీల తేడా పైన గడియారంలో ఒక గంట అవుతుంది.

ఒక రాడ్డును ఎంత పొడిగిస్తే రెండోదాన్ని అంతే కుదించాలి. అప్పుడు చక్రాల ఎడం చెదరకుండా స్టీరింగ్ ఒక్కటే జరుగుతుంది. వెనక చక్రాలను ఆధారం చేసుకుని రెండు పక్కలా దారాలు కట్టి చూసుకుంటూ పావు చుట్టు, పావు చుట్టుగా తిప్పాను. తుప్పు నట్టుకు నూనె పట్టించి ఒక రాత్రి ఆగాల్సి వచ్చింది కాబట్టి మొత్తం రెండు రోజులు. మూత మీది మరను అన్నిటికన్నా చివర్లో సర్దాను. ఇప్పుడు స్టీరింగ్ తనంతట తాను తిరిగి వస్తోంది. నడిమిలో మాత్రం చిన్న వదులు మిగిలింది. అది మరను బిగించి నడిపిన నెలల్లో వర్ము అరిగిన గుర్తు, ఇక పోదు.

మీ చిట్కా ఎప్పుడూ తప్పని నేను అనను. బాక్సు నడిమిలో ఉండి, రాడ్లు సమంగా ఉండి, ఎవరో స్టీరింగ్‌ను ఒక పన్ను తప్పి బిగించి ఉంటే అదే మందు. పళ్ళు 36 ఉంటే ఒక్కో పన్నుకు 10 డిగ్రీలు. అంతకన్నా చిన్న వంకరను ఆ దారిలో తీయలేం కూడా. వెనక పట్టీల స్ప్రింగులున్న కార్లలో వాటి నడిమి బోల్టు తెగి యాక్సిల్ జరిగినా స్టీరింగ్ వాలుతుంది. అలాంటప్పుడు ముందు రాడ్లు తిప్పినా జబ్బు దాగుతుందే తప్ప పోదు.

వచ్చే ఆదివారం అదే చోట, స్టీరింగ్ ఊడదీసే ముందు బాక్సు నడిమి చూసుకోమని ఒక్క వాక్యం వేయండి. మీరు వేసిన ఫొటో కూడా మార్చండి. అందులో ఉన్న మనిషి స్టీరింగ్‌ను రెండు చేతులా పైకి లాగుతున్నాడు, హారన్ తీగ ఇంకా దానికే తగులుకుని ఉంది.

ఇట్లు,
విశ్రాంత లేతు కార్మికుడు, మీ పాత పాఠకుడు