చంద్రుడి మీద అపోలో బండ్లకు కాపలా ఎవరు?

సంపాదకుడు గారికి,

చంద్రుడి మీదికి ప్రైవేటు ల్యాండర్లు వెళ్తున్న వార్తలు మీ పత్రికలో చదివినప్పుడల్లా నాకు ఒకటే టెన్షన్. ముందే అక్కడ దిగి ఉన్నవాటి సంగతేంటి?

2019లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో అపోలో లూనార్ మాడ్యూల్, అంటే వ్యోమగాముల్ని చంద్రుడి మీద దింపే బండి చూశాను. చంద్రుడి దాకా వెళ్లకుండా భూమ్మీద పరీక్షలకే మిగిలిపోయిన బండి అది. కాళ్లకు చుట్టిన బంగారు రంగు రేకు, స్వీటు షాపువాడు హడావుడిగా కట్టిచ్చిన పొట్లంలా నలిగి ఉంది. మనుషులుండే గది గోడ కొన్నిచోట్ల 0.3 మిల్లీమీటర్లేనట! ఇలాంటివి ఆరు చంద్రుడి మీద దిగాయి. పై భాగం వ్యోమగాముల్ని తీసుకుని లేచిపోయింది. ఆరింటి కింది భాగాలూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

గాలీ వానా లేనిచోట వాటికేం భయం అంటారేమో. భయమల్లా కొత్తగా దిగేవాటితోనే. 1969 నవంబరులో అపోలో 12 వాళ్ల లూనార్ మాడ్యూల్ ‘ఇంట్రెపిడ్’, అంతకు రెండున్నరేళ్ల ముందు దిగిన మనుషుల్లేని అమెరికా ల్యాండర్ సర్వేయర్ 3కి రెండొందల మీటర్ల లోపే దిగింది. వ్యోమగాములు కాన్రాడ్, బీన్ నడుచుకుంటూ వెళ్లి దాని కెమెరా విప్పి తెచ్చారు. ఇక్కడ పరీక్షించి చూస్తే, ఇంట్రెపిడ్ ఇంజను ఎగజిమ్మిన దుమ్ము దాన్ని శాండ్ పేపర్‌తో రుద్దినట్టు గీకేసింది. ఏదైనా అడ్డున్నచోట మాత్రం నీడలాంటి మచ్చ మిగిలింది. గాలి లేదు కాబట్టే ఆ దుమ్మును ఆపేదీ లేదు. మన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ కూడా తక్కువ తినలేదు. 2023 ఆగస్టు 23న దిగుతూ 2.06 టన్నుల మట్టిని చెదరగొట్టిందని లెక్కకట్టింది మన హైదరాబాద్ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్తలే.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం అపోలో 11 ‘ఈగల్’ అమెరికాదే. అది నిలబడ్డ నేల మాత్రం ఎవరిదీ కాదు. మరి ఆ నేల మీది ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగుజాడ ఎవరిది? వకీళ్లకు మంచి కేసే. రెండు కిలోమీటర్ల అవతల దిగండి, ఈగల్‌కు 75 మీటర్ల లోపు రావద్దు అని నాసా 2011లో చెప్పింది కానీ అవి సూచనలే. నాసాతో కలిసి పనిచేసేవాళ్లు వాటిని పాటించాలంటూ 2020 చివర్లో వచ్చిన అమెరికా చట్టం చైనావాళ్లను కట్టడి చేయదు. ఈ వారసత్వాన్ని కాపాడదామన్న ఆర్టెమిస్ ఒప్పందాల మీద 2023 జూన్‌లో మనమూ సంతకం పెట్టాం. చైనా, రష్యా పెట్టలేదు.

అందరికీ వర్తించే నియమం కోసం ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కమిటీలో మన దేశమే చొరవ తీసుకోవాలి. అమెరికా అడిగితే జాగా కబ్జా చేస్తోందంటారు. మనల్ని ఆ మాట అనలేరు. అపోలోతో పాటు రష్యా లూనా నౌకలనూ, మన విక్రమ్ దిగిన శివశక్తి పాయింట్‌నూ జాబితాలో పెట్టి అడిగితే సరి. పార్లమెంటులో ఈ ప్రశ్న ముందు ఎవరైనా వేయాలి కదా. శ్రీహరికోట తన నియోజకవర్గంలోనే ఉన్న తిరుపతి ఎంపీ వేస్తే బాగుంటుంది.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు, తెనాలి