ఎలుగు మీదికి కుక్కలను వదలమంటున్న వారికి

సంపాదకులకు,

అయ్యా,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్ల బెడద తీరాలంటే అమెరికాలో లాగా వేటకుక్కలను తెప్పించి వదలాలని ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకరు రాశారు. మా కంచరపాలెం టీ కొట్టు దగ్గరా నాలుగు రోజులు అదే చర్చ. నేను పోలీసు జాగిలాల దళంలో 22 ఏళ్లు హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యాను. పుట్టింది ఆ ఉద్దానంలోనే, కవిటి వైపు పల్లెలో. కుక్కలతో బతికాను, ఎలుగులున్న ఊళ్లో పెరిగాను. అందుకే ఈ ఉత్తరం.

అమెరికాలో ఎలుగు వేటకు పేరున్న కుక్క ప్లాట్ హౌండ్. ఒంటి మీద పులిచారలుంటాయి. 1750 ప్రాంతంలో జర్మనీ నుంచి వెళ్లిన ఒక కుటుంబం నార్త్ కరోలినా కొండల్లో తరతరాలుగా పెంచిన జాతి. 1989లో ఆ రాష్ట్రం దాన్ని తన అధికారిక కుక్కగా ప్రకటించుకుంది. దాన్ని ఎంచే పద్ధతి మాత్రం మెచ్చుకోవాలి. గంటల కిందటి జాడను కూడా పట్టే ముక్కుండాలి. కుర్ర కుక్కను ముసలి కుక్కతో కలిపి తిప్పి పని నేర్పుతారు. జింక కనబడగానే దాని వెనక పోయే కుక్కకు ఎంత ముక్కున్నా పక్కన పెడతారు. మొండిగా మీద పడే కుక్కనూ పెద్దగా ఇష్టపడరు, అది ఎలుగు పంజాకి త్వరగా పోతుంది. వెనక నుంచి కరిచి పక్కకు దూకేది కావాలి. అన్నిటికీ మించి గొంతు. జాడ మీద పరుగెడుతున్నప్పుడు సాగదీసి అరుస్తుంది, ఎలుగు చెట్టెక్కగానే కింద నిలబడి తుంచి తుంచి మొరుగుతుంది. మైలు దూరాన ఉన్న వేటగాడు ఆ మొరుగు మారడం విని, ఇక నడిచి వెళ్లొచ్చు అనుకుంటాడు.

కిటుకంతా ఆ చెట్టులో ఉంది. అక్కడి నల్ల ఎలుగు కుక్కలు తరిమితే చెట్టెక్కుతుంది. మన ఎలుగుకు చెట్టెక్కడం రాక కాదు, ఆపద వచ్చినప్పుడు అది చెట్టు వైపు చూడదు. పులులున్న అడవిలో పెరిగిన జాతి, తిరగబడటమే దానికి తెలిసిన విద్య. చూపు తక్కువ, వినికిడీ అంతంతే, కాబట్టి మనం బాగా దగ్గరికి వెళ్లేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి ఇద్దరికీ తప్పుకునే చోటుండదు. వీపు మీద పిల్లలున్న తల్లయితే ఇక చెప్పక్కర్లేదు.

నాకు పదేళ్లప్పుడు మా తాతతో జీడిపిక్కలు ఏరడానికి చీకటితోనే తోటకి వెళ్లాను. ముందు మా కుక్క నల్లోడు. మొగలి పొదల దగ్గర అది గట్టిగా మొరిగింది. తాత కావిడి బద్ద పట్టుకుని ఆగాడు. కాసేపటికి ఆ మొరుగు మా వైపే రావడం మొదలైంది. నల్లోడు తోక ముడుచుకుని వచ్చి తాత కాళ్ల సందులో దూరాడు, వాడి వెనకే ఎలుగు. బద్దతో రెండు దెబ్బలు వేశాడు తాత. అది వెళ్లిపోయేసరికి ఆయన ఎడమ భుజం మీది చర్మం తడి తువ్వాలులా వేలాడుతోంది. బతికాడు గానీ ఆ చెయ్యి మళ్లీ తల దాకా లేవలేదు. నల్లోడికి గీటు కూడా పడలేదు. తర్వాత ఎవరు కుక్కతో తోటకి బయల్దేరినా తాత అరుగు మీంచి అరిచేవాడు: "కుక్కనొగ్గకురా, ఎలుగుని నీ మీదికే తోలుకొచ్చీగలదు!"

చట్టం సంగతి కూడా చూడాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన ఎలుగు మొదటి షెడ్యూలులో ఉంది. తుపాకీ పేలిస్తేనే వేట అనుకుంటాం గానీ, వెంటపడి తరమడాన్ని కూడా ఆ చట్టం వేట కిందే కడుతుంది. అమెరికాలోనూ అంతటా చెల్లదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1996లో జనమే ఓట్లేసి కుక్కలతో ఎలుగు వేటను ఆపించారు. అదే రాష్ట్రంలో అటవీ జంతువుల అధికారులు కరేలియన్ అనే నలుపు తెలుపు కుక్కలను వాడుతున్నారు, చంపడానికి కాదు. బోనులో పడ్డ ఎలుగును అడవిలో వదిలేటప్పుడు వెనక నుంచి మొరిగించి, మనుషులంటే భయం పుట్టిస్తారు. అక్కడి ఎలుగు పారిపోతుంది గనక అది పనిచేస్తుంది.

వేటకుక్కలు తెప్పించాలన్న ఆ మాటలు నమ్మి మా అక్క కొడుకు నగర శివారులో ఒకాయన దగ్గర "ఎలుగు కుక్క" పేరుతో 18 వేలు పోసి కుక్కపిల్లను కొన్నాడు. నాకు చూపించడానికి తెచ్చాడు. నేను పిల్లలను ఎంచేటప్పుడు చేసే పనే చేశాను, స్టీలు పళ్లెం మీద తాళాల గుత్తి జారవిడిచాను. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడ్డాక తిరిగొచ్చి పళ్లెం వాసన చూసేదే పనికొచ్చే పిల్ల. ఇది స్కూటర్ కిందికి దూరి, సాయంత్రం అన్నం పెట్టేదాకా రాలేదు. మంచి పిల్లే, ముద్దొస్తుంది, ఇప్పుడు మా మనవరాలి దగ్గరుంది. దాన్ని ఎలుగు మీదికి పంపడం మాత్రం పాపం.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఎలుగు దాడిలో మనిషి పోయాడు, పట్టుకున్నాక ఆ ఎలుగూ పోయింది. జీడి, పనస పళ్లకు వచ్చినప్పుడల్లా ఆ భయం మళ్లీ వస్తుంది. కాబట్టి కుక్కలే వద్దని నేను అనడం లేదు. అమెరికా వాళ్లు ఎంచే కుక్కకు సరిగ్గా ఎదురు రకం మనకు కావాలి అంటున్నాను. నోరు విప్పని కుక్క. తాడు వదలని కుక్క. తెల్లవారుజామున కూలీలు దిగకముందు, గాలికి ఎదురుగా నడుస్తూ తోట అంచున తిప్పాలి. ఎలుగు వాసన తగిలితే కూర్చోవాలి, అంతే. బాంబు పసిగట్టే మా లాబ్రడార్లు చేసేది ఇదే. వాసన మార్చి నేర్పితే చాలు. మన విశాఖ జూలో ఎలుగులున్నాయి, వాటి వెంట్రుకలు, పెంట ఇస్తే కుక్కల తిండికి డబ్బు తప్ప పెద్దగా వేరే ఖర్చు ఉండదు. కుక్క కూర్చున్న రోజు ఆ తోటలో ఎవరూ దిగకూడదు. ఆ రోజు కూలి ఎవరిస్తారన్నది అటవీ శాఖ, రైతులు కలిసి తేల్చుకోవాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు.

అధికారులు సరేనంటే పైసా తీసుకోకుండా వస్తాను. మోకాళ్లు సహకరించవు గనక తాడు పట్టుకుని పరుగెత్తలేను. కుర్చీ వేస్తే కూర్చుని కుక్కపిల్లల్ని ఎంచిపెడతాను. తాళాల గుత్తి నా దగ్గరే ఉంది.

ఇట్లు
ఒక మాజీ డాగ్ హ్యాండ్లర్,
కంచరపాలెం, విశాఖపట్నం
(పేరు అచ్చు వేయవద్దని మనవి)