వార్షిక నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నాను. పోయినసారి చదువుతుంటే ముందు వరుసలోనే ఇద్దరు కునుకు తీశారు, అందుకే ఈసారి ముందుగా పంపుతున్నాను. విచారణ ఖైదీలకు, అంటే ఇంకా శిక్ష పడకుండానే జైల్లో ఉన్నవాళ్లకు, బెయిల్ విషయంలో సాయపడటానికే సంఘం పెట్టుకున్నామని మళ్లీ చెప్పక్కర్లేదు.

ముందు కృతజ్ఞతలు. ఫీజు మాటెత్తకుండా ఏడాదంతా వకాల్తాలు వేసిన మన ఇద్దరు లాయర్లకు, వాయిదా ఉందంటే ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చిన కోశాధికారి గారికి, పిటిషన్లు టైప్ చేసి జిరాక్స్ డబ్బులు కూడా అడగని కుర్రాడికి, మన ఫోన్లకు విసుక్కోని న్యాయ సేవాధికార సంస్థ (ఉచిత న్యాయ సాయం చేసే ప్రభుత్వ సంస్థ) సిబ్బందికి, మధ్యాహ్నాలు టీ పంపిన మా ఇంటావిడకు కూడా.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకునే పని ఒకటుంది. దొంగతనం కేసులో ఒక లారీ క్లీనర్‌కు బెయిల్ వచ్చింది. వచ్చి నాలుగు నెలలైనా మనిషి మాత్రం జైల్లోనే ఉన్నాడు. పూచీ పడటానికి ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, అదీ స్థానికులే అయ్యుండాలన్నారు. వాళ్లన్నయ్యకు అరెకరం పొలముంది, పట్టాదారు పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆయన మూడుసార్లు వచ్చాడు. పొలం వేరే జిల్లాలో ఉందని మూడుసార్లూ వెనక్కి పంపారు. మనకు ఈ సంగతి తెలిసింది కూడా ఇంకో ఖైదీని కలవడానికి ములాఖత్‌కు వెళ్లినప్పుడే.

సరిగ్గా ఇలాంటి కేసే 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి పదివేల జామీను అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కింది కోర్టు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని చెప్పి, జామీనుదారు లేకుండా వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేయమన్నారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించడం గురించి కోర్టు తనంతట తానే ఆలోచించవచ్చు. మన కేసులో ఎవరూ ఎవరికీ తెలపలేదు. ఎందుకు తెలపలేదని అడిగితే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిప్పారు. చివరికి మన లాయరమ్మ సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ రెండు ఉత్తర్వులూ జతచేసి పిటిషన్ వేస్తే, జడ్జి గారు ఒక్క వాయిదాలోనే సొంత పూచీకత్తు మీద వదిలేశారు. ఆ సాయంత్రం గేటు దగ్గర అన్నయ్య చేతిలో అదే ప్లాస్టిక్ కవరు.

ఇప్పుడు తలదించుకోవాల్సిన సంగతి. పదేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో 60 రోజుల్లో, పదేళ్లు, ఆపైన పడే వాటిలో 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే ముద్దాయికి బెయిల్ హక్కుగా వస్తుంది. కాకపోతే చార్జిషీటు పడేలోపే మనం పిటిషన్ వేయాలి, పడ్డాక ఆ హక్కు పోయినట్టే. ఈ రోజులు లెక్కపెట్టే డైరీ అప్పట్లో ఒక వాలంటీర్ దగ్గర ఉండేది. రిమాండ్ రోజును కూడా కలిపి లెక్కపెట్టాలని రెండుసార్లు చెప్పాను. ఆయన కలపలేదు, పైగా ఆదివారం పెళ్లికెళ్లి ఫోన్ ఎత్తలేదు. సోమవారం పొద్దున మనవాళ్లు కోర్టుకు చేరేసరికి చార్జిషీటు పడిపోయింది. ఆ కేసులో ముద్దాయి ఇంకా లోపలే ఉన్నాడు. ఆ వాలంటీర్ పేరు రాయను, ఆయనకు తెలుసు.

సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ప్రకారం ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే బాండు మీద విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకూ, మీద ఇంకో కేసు నడుస్తున్నవాళ్లకూ ఇది వర్తించదు. చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు నమోదైన కేసులకూ వర్తిస్తుందని ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది సూపరింటెండెంటే. మనం జాబితా రాసి ఇచ్చి, గుర్తుచేసి, మళ్లీ గుర్తుచేసి వస్తున్నాం. దేశంలో ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు విచారణ ఖైదీలే కాబట్టి ఈ పని ఇప్పట్లో తీరేది కాదు.

"దొంగలకు వత్తాసు పలుకుతారా" అని ముగ్గురు సభ్యులు చందా ఆపేశారు. అందులో ఒకాయన బావమరిదిని ఒక రాత్రి స్టేషన్‌కు తీసుకెళ్తే ఫోన్ మనకే వచ్చింది. వెళ్లాం. అరెస్టుకు కారణం రాసివ్వమని, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టమని అడిగాం. చందా అడగలేదు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారని, 15100కు ఫోన్ చేస్తే చాలని మన సభ్యుల్లోనే చాలామందికి తెలియదు. దయచేసి ఇంట్లో చెప్పండి.

లెక్కలు ఆడిటర్ గారు చూశారు, బాగానే ఉన్నాయి. ఖర్చంతా స్టాంపులు, జిరాక్స్, బస్సు చార్జీలే. కాగితం జతచేశాను, సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి, నన్ను వద్దు.

పోయిన సమావేశంలో వాలంటీర్లుగా ఇరవై మంది పేర్లిచ్చారు. ములాఖత్‌కు వచ్చింది నలుగురు. మిగతావాళ్లు గ్రూపులో బొటనవేలు గుర్తు పెడుతున్నారు, దాన్ని జైలు గేటు దగ్గర చూపిస్తే లోపలికి పంపరు. ఈసారి పేరుతో పాటు ఏ వారం వస్తారో కూడా రాయండి. డైరీ ప్రస్తుతం నా దగ్గరే ఉంది.

మీ కార్యదర్శి