పోటు చూసుకుని బయలుదేరుదాం

ఏరా,

నీ ఉత్తరం అందింది. పిట్టల్ని చూడడానికి మూడు రోజుల్లో తొమ్మిది చోట్లు తిరగాలని నువ్వు గీసిన పట్టిక చూసి నవ్వు ఆగలేదు. పోయినసారి మనం చేసిన నిర్వాకం అదే కదా! నోటుపుస్తకంలో 62 పేర్లు రాసుకొచ్చాం. వాటిలో ఒక్క పిట్ట కన్ను ఏ రంగులో ఉందో చెప్పు చూద్దాం. ఈసారి నాలుగే చోట్లు: సముద్రపు బురదతీరం, చెరువు, పచ్చికబయలు, అడవి. చోటుకి ఒక రోజు.

ముందు తేదీ సంగతి. సెలవు దొరికినప్పుడు వెళ్దామంటే సముద్రం ఒప్పుకోదు. నీరు వెనక్కి తీసినప్పుడు ఉల్లంకి పిట్టలు, అవే తీరంలో మేత ఏరుకునే పిట్టలు, బురదంతా పరుచుకుంటాయి; ఒడ్డున నిలబడి చూస్తే ఆవగింజలే. పోటు ఎక్కుతున్నకొద్దీ నీరే వాటిని మన వైపు తోసుకొస్తుంది. అందుకని పోటు నిండడానికి రెండు గంటల ముందే వెళ్లి కదలకుండా కూర్చోవాలి. పౌర్ణమి, అమావాస్యల ప్రాంతంలో పోటు పెద్దది. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఎండ మన వీపు మీద పడే వేళకు కుదిరే రోజు వెతుకు.

ఒక్క మాట. ఫొటో కోసం గుంపును లేపకు. 2022లో ఉపగ్రహ ట్యాగు కట్టిన ఒక పిల్ల గాడ్విట్ (ఉల్లంకులకు చుట్టమే), అయిదు నెలల వయసుది, అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరింది. అలాంటి ప్రయాణాలకు ఒంట్లో కొవ్వే ఇంధనం. మన సరదాకి దాన్ని ఖర్చు చేయించడం ఏమంత మర్యాద?

చెరువు దగ్గర నాకు కావలసింది తెడ్డుమూతి కొంగ ఒక్కటే. సగం తెరిచిన ముక్కు నీళ్లలో ముంచి, కొడవలితో గడ్డి కోస్తున్నట్టు అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది. కంటితో వెతకదు, ముక్కు లోపల ఏదైనా తగిలిందా, టక్కున మూసేస్తుంది. అది చూస్తూ పూటంతా గడిపేయగలను, ముందే చెబుతున్నాను.

అడవికి తెల్లవారకముందే చేరాలి, ఎండెక్కితే అక్కడ పాటలు సద్దుమణుగుతాయి. ఒక చెట్టు కింద కూర్చుంటే రకరకాల చిన్న పిట్టలు కలిసికట్టుగా ఒక కెరటంలా వస్తాయి. అయిదు నిమిషాల సందడి, మళ్లీ నిశ్శబ్దం. వాటి వెంట పరుగెత్తావో, అంతే సంగతులు! పచ్చికబయలు అలా కాదు. నేల వేడెక్కాకనే గద్దలు పైకి లేచే వేడిగాలి బుడగలు పట్టుకుని పైకి లేస్తాయి. అక్కడ తీరికగా తిరగవచ్చు, అయితే కాలిబాట దిగకుండా. ఆనాడు తీతువు పిట్ట నెత్తిన తిరుగుతూ అరుస్తుంటే నువ్వు విసుక్కున్నావు, గుర్తుందా? నీ బూటుకు జానెడు దూరంలో నాలుగు గుడ్లు, గులకరాళ్లలో గులకరాళ్లలా. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నీ కొత్త 12×50 బైనాక్యులర్స్ ఇంట్లోనే ఉంచు. పిట్టతో పాటు నీ చేతి వణుకునూ పన్నెండు రెట్లు చేస్తాయి. నా 8×42 వంతులేసుకుందాం.

పోటు పట్టిక చూసి తేదీ రాయి. ఆ ఎర్ర టోపీ మాత్రం తేవద్దు.

నీ
పిట్టల పిచ్చివాడు