అసంఘటిత కార్మికుల సంఘాలకూ కుర్చీ వేయించండి

అంతర్జాతీయ కార్మిక సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. మీ సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారమే ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మంది, అంటే పనిచేసే ప్రతి పదిమందిలో ఆరుగురు, అసంఘటిత రంగంలో, అంటే ఉద్యోగ భద్రత లేని పనుల్లో, బతుకుతున్నారు. ఇంట్లో కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టే మనిషికి ముక్కకింత అని ఇస్తారు. దారం ఖర్చు, కరెంటు ఖర్చు ఆమెవే. కుట్టు బాగోలేదని సరుకు తిప్పిపంపితే అడిగే దిక్కుండదు.

వీళ్లకు సంఘాలు లేక కాదు. ఉన్నవి చిన్నవి, పైగా ఎవరి కుంపటి వారిది. 1972లో అహ్మదాబాద్‌లో స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవ’ మొదలైనప్పుడు, యజమానే లేనప్పుడు యూనియన్ ఎలా అంటూ అధికారులు ముందు రిజిస్ట్రేషన్ నిరాకరించారు. ఆ మహిళలు పట్టు వదల్లేదు, సాధించుకున్నారు. అంత ఓపిక, బలం అన్ని సంఘాలకూ ఉండవు.

మీ వార్షిక సదస్సులో దేశానికి ఒక్కరే కార్మిక ప్రతినిధి. ఎక్కువ ప్రాతినిధ్యం ఉన్న సంఘాల సమ్మతితో ప్రభుత్వం పేరు పంపుతుంది. పెద్ద యూనియన్ల మీద నాకు కోపం లేదు, ఎనిమిది గంటల పని వాళ్ల పోరాటమే. కానీ అసంఘటిత కార్మికుల సభ్యత్వ సంఘాలనూ సంప్రదింపుల్లో కలుపుకోవాలని 2015 నాటి మీ 204వ సిఫార్సే చెబుతోంది కదా!

ఈ చిన్న సంఘాలు ఒక్క వేదిక మీదికి రావడానికి ఆయా దేశాల్లోని మీ కార్యాలయాలు చొరవ తీసుకోవాలి. ఆ వేదిక ఎంచుకున్న మనిషిని ప్రతినిధి బృందంలో సలహాదారుగానైనా చేర్చమని ప్రభుత్వాలను అడగండి. ఎక్కడ ఇలాంటి సంఘాల రిజిస్ట్రేషన్లు ఆపుతున్నారో ఏటా బహిరంగంగా ప్రకటించండి.

భవదీయుడు,
ఒక యూనియన్ కార్యకర్త