బరాత్‌లో సాక్సోఫోన్ రీడ్ గోస

ఎడిటర్ గారికి నమస్తే. నేను ముషీరాబాద్‌ల పెళ్లి బ్యాండ్‌లో ఆల్టో సాక్సోఫోన్ వాయిస్త, మే నెల ఎండల బరాత్ అంటే పాటకీ పాటకీ నడుమ జర గ్యాప్ వస్తే చాలు మామూలు రీడ్ (నోటి కాడ ఊదితే అదిరి సౌండ్ ఇచ్చే సన్నటి పట్టీ) ఎండిపోయి అంచు వంకర పోతది, ఇగ కీచుమనుడే, గుర్రం మీద పెళ్లికొడుకు కూడా తిరిగి చూస్తడు. రీడ్ చేసేది అరుండో డోనాక్స్ అనే రెల్లులాంటి గడ్డితోని, అది తడికి ఉబ్బుతది, ఆరితే ముడుచుకుంటది. అందుకే ప్లాస్టికవర్ అనే రీడ్‌కి మారిన, లోపల అదే గడ్డి, పైన సన్నటి ప్లాస్టిక్ పూత, తడి జల్ది లోపలికి పోదు. సౌండ్ కొంచెం పదునుగా వస్తది, కచేరీల కొందరికి నచ్చదు గానీ రోడ్డు మీద డప్పుల నడుమ మాకు అదే కావాలె. పాటగాళ్ల గురించి మస్తు రాస్తరు, మా సామాన్ల గురించి కూడా అప్పుడప్పుడు రాయున్రి.

– ఒక బ్యాండ్ కళాకారుడు, హైదరాబాద్