‘బుద్ధి పుట్టడంల్యా’ అంటే ఏమిటి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు అయివోరు నమస్కరించి రాసుకునేది.

మా తమ్ముణ్ణి ఎనిమిది నెలలుగా ఒక సర్కారు ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకుపోతున్నాను. ఓపీ చీటీ రాయించుకొని బెంచీ మీద కూచుంటే మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. ఆ తీరికలోనే అక్కడికి శిక్షణకొచ్చే క్లినికల్ సైకాలజీ (మనసు జబ్బులను మాటలతో, పరీక్షలతో చూసే చదువు) పిల్లలు పరిచయమైనారు. ఈ ఉత్తరం వాళ్ళ గురించే. వాళ్ళ మీద ఫిర్యాదు మాత్రం కాదు, ముందే చెప్తున్నా.

ఒకరోజు అందులో ఒకమ్మాయి గది బయటికొచ్చి, "సార్, మీరు టీచర్ కదా, ఒక్క నిమిషం లోపలికొస్తారా" అని పిలిచింది. అమ్మానాన్న తెలుగువాళ్ళే గానీ పిల్ల పుట్టి పెరిగింది బెంగళూరులో. లోపల యాభై ఏండ్ల ఆడమనిషి, పల్లె నుంచి వచ్చింది. "ఏమీ బుద్ధి పుట్టడంల్యా తల్లీ" అనిందంట. తినబుద్ధి కాదు, లేయబుద్ధి కాదు, మనుమణ్ణి ఎత్తుకోబుద్ధి కాదు. ఈ పిల్లకు అందులో అందింది ‘బుద్ధి’ ఒక్కటే. జ్ఞాపకానికో తెలివికో లోపమనుకొని పరీక్ష మొదలుపెట్టింది. నూరులోంచి ఏడు తీసేయ్, వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు తీసేయ్. ఆమె తొంభై మూడు దగ్గర ఆగిపోయి నా దిక్కు చూసి, "అయివోరా, నేను చెప్పిందేమి, ఈ పాప అడిగేదేమి?" అనింది.

ఏ పని మీదా మనసు పోవడంల్యా అని ఆమె గోడు, తెలివి సంగతి కాదు అని నేను విడమరిచి చెప్పినాక ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. కాగితాలు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కొని కూచుంది. చురుకైన పిల్లే. కానీ ఆ అరగంటలో ఆ ఇంటి గుట్టంతా నా చెవిన పడింది. మొగుడు ఎవరి దగ్గర అప్పు చేసినాడో, కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందో నాకెందుకు తెలియాల? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. బెంచీ మీది మనిషిని దుబాసీగా పిలుచుకునే చోట ఆ సెక్షన్ ఏ అటక మీదుందో. సర్కారు మానసిక సాయం ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ భాషో ఎంచుకోమంటారు. ఎదురెదురుగా కూచునే చోట ఆపాటి ఏర్పాటు లేదు.

ఆ గది గోడకు శిక్షణలో ఉన్నవారి పరిచయాలు అంటించినారు, ఇంగ్లీషులో. సొంతూరు, చదివిన కాలేజీ, ఆసక్తులు. వంతు కోసం కూచున్నవాడికి గోడ చదవడం కంటే పనేముంది. ఒకరికి ఆటిజం పిల్లలంటే ఆసక్తి, ఒకరికి నేరస్తుల మనస్తత్వం, ఇంకొకరికి ఐటీ ఉద్యోగుల ఒత్తిడి. ఒకబ్బాయి ట్రెక్కింగ్, పెంపుడు కుక్కలు అని రాసుకున్నాడు. అన్నీ మంచివే. తాగుడు అని రాసినవారు ఒక్కరూ లేరు. పురుగుల మందు తాగి బతికి బయటపడినవాళ్ళ గురించి లేదు. కొడుకూ కోడలూ బెంగళూరుకు వలసపోతే పిల్లల్ని సాకే అవ్వల గురించి లేదు. బెంచీ మీద నా పక్కన కూచునేది ఎక్కువగా వీళ్ళే.

రాయదుర్గం దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్లోడు మాత్రం ఆసక్తుల్లో ‘సేద్యం’ అని రాసినాడు. వాళ్ళ నాయనది చెనిక్కాయ సేద్యం. మూడు తూర్లు వచ్చినా నోరు విప్పని ఒక రైతును వాడు అడిగిన మొదటి మాట నిద్ర గురించి కాదు. "బోరు ఎన్ని అడుగులు పోయింది పెద్దాయనా?" అన్నాడు. "తొమ్మిది నూర్లు పోయినా దుమ్మే లేసింది నాయనా" అన్నాడాయన. ఆ దుమ్ము దగ్గర మొదలుపెట్టి గంటసేపు మాట్లాడినాడు. తలుపు సరిగా పడదు, బెంచీ మీదికి అన్నీ వినిపిస్తాయి. అది ఇంకో సంగతి.

అట్లాంటి పిల్లోళ్ళు పదిమంది ఎందుకు లేరంటారా? చట్టం చెప్పే దారుల్లో ఒకటి చూడండి: సైకాలజీలో పీజీ, ఆపైన పర్యవేక్షణలో రెండేండ్ల పూర్తికాలపు శిక్షణతో ఎంఫిల్. డిగ్రీతో కలిపితే ఇంటర్ తర్వాత ఏడేండ్లు. ప్రైవేటులో చదివితే ఫీజు లక్షల్లో. రెండు పంటకాలాలు వాన తప్పితే అప్పు పుట్టని ఇంట్లో, బీటెక్ చేస్తానంటే ఏదో ఒకటి అమ్మి చదివిస్తారు గానీ ‘మనసు చదువు’ అంటే ఎవరు ఒప్పుకుంటారు?

గుంతకల్లు దాటితే బళ్ళారి. 1980లలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు ఆ జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పల్లె దగ్గరే మానసిక వైద్యం అందించి చూపినారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే. పొరుగూళ్ళో అంత పని జరిగినా ఇక్కడికొచ్చే శిక్షణార్థి మా పల్లె ముఖం చూడకుండానే తిరిగిపోతాడు. మొదటి నెల వాళ్ళను పీహెచ్‌సీల్లో ఉంచండి. పోస్టింగు వేసేటప్పుడు ఏ ఊరు, ఏ భాష అని అడగండి. కడప, కర్నూలులో ఉర్దూ వచ్చినవాళ్ళు కావాల, మడకశిరలో కన్నడం, తండాల్లో లంబాడీ. ఆ భాషలు రాని చోట జీతమిచ్చి, గోప్యత నేర్పి దుబాసీని పెట్టండి. అన్నిటికంటే ముందు, అనంతపురం, కడప, కర్నూలు వైద్య కళాశాలల్లో ఈ శిక్షణకు సీట్లు, సీమ పిల్లలు నిలదొక్కుకునేంత స్టైపెండు మంజూరు చేయించండి.

బెంగళూరు అమ్మాయి ఆ రోజు నుంచి చిన్న నోటుపుస్తకం పెట్టుకుంది. నేను కనపడితే చాలు, "సార్, బేజారు అంటే? యాష్టకొచ్చింది అంటే?" అని అడిగి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేది. పోయిన నెల శిక్షణ ముగిసి, నోటుపుస్తకంతో సహా బెంగళూరు పోయింది. కొత్త బ్యాచి దిగింది. మొన్న మంగళవారం నన్ను మళ్ళీ లోపలికి పిలిచినారు.

ఇట్లు,
ఓపీ బెంచీ మీది ఒక అన్న,
అనంతపురం